పేరెందుకులే అనుకున్నాను

చాలాకాలంగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన సంగతి ఇది. వాయిదాకు కారణం బద్ధకం ఒక్కటే కాదు, కొంత సిగ్గు కూడా. ప్రోగ్రాములు రాసేవాళ్ళకు తమ తప్పుల్ని ‘బగ్గు’ అని ముద్దుగా పిలుచుకొనే అలవాటుంది. నేను చెప్పబోయే దానికి ఆ ముద్దుపేరు పెట్టడానికి మనసొప్పటం లేదు. మధ్యలో కొన్ని సాంకేతిక విషయాలు చెప్పక తప్పదు. ఆ వృత్తిలో లేని మిత్రులు కాస్త ఓపిక పట్టండి. ఈ కథ చివరికి ఒక పల్లెటూరి వసారాలోకే చేరుతుంది.

2018 వేసవి. నేనప్పుడు హైదరాబాదులో ఉంటూ చిన్న చిన్న సంస్థలకు విడిగా పనులు చేసిపెట్టేవాణ్ణి. విజయవాడలో ఒక దుకాణం ఉంది. వినికిడి యంత్రాలు, జనం మాటల్లో చెప్పాలంటే చెవి మిషన్లు, అమ్ముతారు, పాడైతే బాగుచేస్తారు. వాళ్ళ ఖాతాదారుల వివరాలన్నీ ఏళ్ళ తరబడి పొడవాటి రిజిస్టర్లలోనే ఉండేవి. యజమాని ఉత్సాహవంతుడు. వాటినన్నిటినీ సేల్స్‌ఫోర్సులోకి ఎక్కించే పని నాకు అప్పగించారు.

సేల్స్‌ఫోర్సు 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన సంస్థ. ఖాతాదారుల చిట్టాను మన కంప్యూటరులో కాక అంతర్జాలంలోనే ఉంచి, ఆ సదుపాయాన్ని అద్దెకిచ్చే వ్యాపారం వాళ్ళది. మనం బ్రౌజరు తెరచి ఒక్కో మనిషి వివరాలూ చూడవచ్చు, మార్చవచ్చు. కానీ వేలమంది వివరాలను చేత్తో మార్చడం అయ్యే పని కాదు కనుక, ప్రోగ్రాములు కూడా వచ్చి తలుపు తట్టడానికి వేరే ద్వారం పెట్టారు. దాన్నే వెబ్ సర్వీసు అంటారు. ఆ ద్వారం దగ్గర మర్యాదలు ఎక్కువ. ఫలానా పద్ధతిలో అడగాలి, ఫలానా రూపంలో చెప్పాలి, ప్రతిసారీ మనమెవరమో ఋజువు చూపించాలి. ఆ మర్యాదలన్నీ మన తరపున తానే పాటించే మధ్యవర్తిని ప్రోగ్రామర్లు ‘లైబ్రరీ’ అంటారు. గ్రంథాలయం అని తెనిగిస్తే నవ్వొస్తుంది. నన్నడిగితే రాయబారి అనడం మేలు.

నేను వాడిన రాయబారి పేరు ‘సింపుల్ సేల్స్‌ఫోర్స్’. పైథాన్ భాషలో రాసిన ఉచిత లైబ్రరీ. పేరుకు తగ్గట్టే సరళంగా ఉంటుంది. వాడుకరి పేరు, సంకేతపదం, ఈమెయిలులో వచ్చే భద్రతా టోకెను ఇస్తే లోపలికి తీసుకువెళుతుంది. సంకేతపదం మార్చినప్పుడల్లా ఆ టోకెనూ మారిపోతుంది. ఆ సంగతి తెలియక ఒక పూటంతా తల పట్టుకొని కూర్చోవడం ఈ పనిలో అందరికీ జరిగే అక్షరాభ్యాసం. ఆ తరువాత అంతా సుఖమే. ఒక వాక్యంతో వెతకవచ్చు, ఒక వాక్యంతో కొత్త మనిషిని చేర్చవచ్చు, ఒక వాక్యంతో ఉన్న మనిషి ఫోన్ నంబరు మార్చవచ్చు.

ఇబ్బందల్లా పేర్ల దగ్గర వచ్చింది.

సేల్స్‌ఫోర్సులో ఒక వ్యక్తిని చేర్చాలంటే ‘లాస్ట్ నేమ్’ అనే గడి ఖాళీగా ఉండకూడదు. ‘ఫస్ట్ నేమ్’ లేకపోయినా ఊరుకుంటుంది కానీ, ఇది లేకపోతే రాయబారి వెనక్కి వచ్చేస్తాడు. ఇంటిపేరు ముందూ అసలు పేరు వెనకా రాసుకొనే మన జాతికి ఏది ఫస్టు, ఏది లాస్టు? రిజిస్టర్లలో కొందరికి పొడి అక్షరం మాత్రమే ఇంటిపేరు. కొందరికి అదీ లేదు, ఒట్టి ‘మస్తాన్’, ఒట్టి ‘నాగమ్మ’. అలాంటి వాళ్ళకు ఏ గడిలో ఏం పెట్టాలో తోచక కొన్నిచోట్ల చుక్క పెట్టి సరిపుచ్చాను. ఇక స్పెల్లింగుల సంగతి చెప్పనక్కర లేదు. దుకాణంలో అన్నీ ఇంగ్లీషు లిపిలోనే కొట్టేవారు. ఒక్క లక్ష్మికే మూడు నాలుగు రూపాలు. ‘గారు’ను కూడా పేరులో భాగంగా కలిపి కొట్టిన మర్యాదస్థులూ ఉన్నారు. వారం రోజులు ఆ పేర్లతో కుస్తీ పట్టేసరికి నాకు పేర్లంటేనే విసుగు పుట్టింది.

దానికి విరుగుడుగా కనిపించింది ఐడీ. సేల్స్‌ఫోర్సు ప్రతి మనిషికీ పదిహేను అక్షరాల గుర్తింపు సంఖ్య ఒకటి ఇస్తుంది. సంఖ్య అంటున్నాను కానీ అందులో అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసి ఉంటాయి. మొదటి మూడూ అది ఏ జాతి వివరమో చెబుతాయి. 003 అంటే వ్యక్తి, 001 అంటే సంస్థ. చివరివి వరుస సంఖ్య. దీనికి స్పెల్లింగు తేడాలు లేవు, ఇంటిపేరు తగాదా లేదు, గారూ గీరూ లేవు. ఒక మనిషికి ఒకటే, మరెవరికీ ఉండదు. దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచివచ్చింది.

జూన్‌లో యజమాని ఒక మంచి పని తలపెట్టారు. పాత రిజిస్టర్లలోని ఫోన్ నంబర్లు చాలావరకు చెల్లనివి. సిమ్ములు మారిపోయాయి. దుకాణంలో పనిచేసే ముగ్గురు అమ్మాయిలు చిట్టాను మూడు ముక్కలుగా పంచుకొని, అందరి ఆచూకీ కనుక్కొని, కొత్త నంబర్లు రాసి నాకు పంపారు. వాళ్ళు పంపిన పట్టికల్లో ఐడీ ఉంది, పేరు ఉంది, ఊరు ఉంది, పక్కన కొత్త నంబరు ఉంది. మూడు పట్టికలూ మూడు వరుసల్లో ఉన్నాయి. వాటిని కలిపి అసలు చిట్టాతో సరిపోల్చాలి. నేను ముందుగా చేసిన పని పేరు, ఊరు అనే నిలువు గడులు రెండిటినీ తీసేయడం. ఐడీ ఉండగా పేరెందుకులే అనుకున్నాను.

ఆ తరువాత స్ప్రెడ్‌షీట్లు వాడేవాళ్ళందరూ చేసే పనే చేశాను. వీలుకప్ పెట్టి, ఈ పట్టికలోని ఐడీని ఆ పట్టికలో వెతికించి, ఎదురుగా ఉన్న నంబరును తెప్పించాను. వచ్చిన జాబితాను పైథాన్ చేతిలో పెట్టాను. రాయబారి ఒక్కొక్కరి నంబరూ మార్చుకుంటూ వెళ్ళాడు. మార్చిన ప్రతిసారీ 204 అనే జవాబు వచ్చింది. జాల పరిభాషలో దాని అర్థం, పని అయింది, ఇక చెప్పడానికేమీ లేదు అని. నా తెర మీద వరుసగా 204, 204, 204. ఒక్క దోషం లేదు. టీ తాగి, ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

సుమారు అయిదు వారాల తరువాత విజయవాడ నుంచి ఫోను వచ్చింది. దుకాణంలో కొత్తగా చేరిన అమ్మాయి.

“సార్, ఇద్దరు మనుషులకు ఒకే నంబరు ఎలా వచ్చింది?”

“ఒకే ఇంట్లో వాళ్ళేమో చూడమ్మా.”

“కాదు సార్. ఆయనది సత్యనారాయణపురం. ఈవిడది గుడివాడ దగ్గర పల్లె. ఈవిడ మిషను బాగుచేసి ఉంచాం, వచ్చి తీసుకెళ్ళమని ఫోను చేస్తుంటే ఆయన ఎత్తుతున్నాడు. నా మిషను నా చెవిలోనే ఉంది, ఎన్నిసార్లు చెప్పాలి అని తిడుతున్నాడు సార్.”

ఇద్దరి వివరాలూ పక్కపక్కన తెరచి పెట్టుకున్నాను. నంబరు ఒకటే. ఐడీలు చూశాను. అవీ ఒకటే! ఇది అసంభవం. కళ్ళు నులుముకొని ఒక్కొక్క అక్షరమే పోల్చుకుంటూ వెళ్ళాను. పద్నాలుగు అక్షరాలూ సమానం. పదిహేనోది రెండిటిలోనూ ‘ఎస్’. కాకపోతే ఒకచోట పెద్ద ఎస్, ఒకచోట చిన్న ఎస్.

అప్పుడు తెలిసింది. సేల్స్‌ఫోర్సు ఐడీలో పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. పది అంకెలు, ఇరవయ్యారు పెద్ద అక్షరాలు, ఇరవయ్యారు చిన్న అక్షరాలు కలిసి మొత్తం 62 గుర్తులతో అది లెక్క పెట్టుకుంటుంది. నేను వాడిన వీలుకప్‌కు మాత్రం పెద్దా చిన్నా తేడా లేదు. రెండూ దానికి ఒకటే, ముందు కనిపించిన దాన్ని తెచ్చి ఇచ్చేస్తుంది. నేను మనుషులందరినీ వరుసగా ఎక్కించాను కనుక ఐడీలూ వరుసగానే వచ్చాయి. అంటే ప్రతి 62 మందిలోనూ 26 జంటలు. ప్రతి జంటలోనూ ఒకరికి సరైన నంబరు, రెండోవారికి తమకంటే 26 మంది అవతల ఉన్న మరెవరిదో నంబరు. నూటికి ఇంచుమించు 42 మంది చిరునామా నేను ఒక్క సాయంత్రంలో తారుమారు చేశాను.

రాయబారి తప్పేమీ లేదు. ఫలానా మనిషికి ఫలానా నంబరు రాయమన్నాను, రాశాడు. 204 అన్నది నా ఆజ్ఞ నెరవేరిందని చెప్పిన మాటే కాని, నా ఆజ్ఞ సరైనదని చెప్పిన మాట కాదు. సేల్స్‌ఫోర్సువాళ్ళూ ఈ ప్రమాదాన్ని ఊహించనివాళ్ళు కాదు. ఈ ఐడీకే పద్దెనిమిది అక్షరాల రూపం మరొకటి ఉంది. పదిహేను అక్షరాలనూ అయిదేసి చొప్పున మూడు గుంపులు చేస్తారు. గుంపులో ఏ ఏ స్థానాల్లో పెద్ద అక్షరాలున్నాయో చూస్తారు. అయిదు స్థానాల్లో అలా ఉండగల తీరులు 32. వాటికి ఇంగ్లీషు అక్షరాలు 26, సున్నా నుంచి అయిదు దాకా అంకెలు 6, సరిగ్గా 32 గుర్తులు. గుంపుకొక గుర్తు చొప్పున మూడు గుర్తులు చివర తగిలిస్తారు. పెద్దా చిన్నా తేడా తెలియనివాళ్ళ చేతిలో పడ్డా ఆ తేడా పోకుండా ఉండడానికి చేసిన ఏర్పాటది. లైబ్రరీ ద్వారా అడిగి ఉంటే నాకు ఆ పద్దెనిమిది అక్షరాలే వచ్చేవి. నేను తొందరపడి, రిపోర్టు నుంచి దించుకున్న పదిహేను అక్షరాలతో పని కానిచ్చాను.

ఇక్కడ నా సిగ్గుకు మరో కారణం చెప్పాలి. ఈ పేజీ చదివే మిత్రులకు బాగా అర్థమయ్యే కారణం. మనమంతా లేఖినిలో వేళ్ళు అరగదీసినవాళ్ళం. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీయస్ పద్ధతి మనకు కంటికి కాదు, వేలికి వచ్చు. చిన్న ఎల్ కొడితే ‘కల’, పెద్ద ఎల్ కొడితే ‘కళ’. చిన్న టీ అయితే ‘పాత’, పెద్ద టీ అయితే ‘పాట’. ఇక ఎస్ సంగతి. చిన్న ఎస్‌తో మొదలుపెడితే ‘సకలం’, షిఫ్టు మీట నొక్కి పెద్ద ఎస్‌తో మొదలుపెడితే ‘శకలం’. మొత్తానికీ ముక్కకూ మధ్య ఉన్న తేడా చిటికెన వేలి కింది మీట. ఎవరైనా వ్యాఖ్యలో ‘కళ’కు బదులు ‘కల’ రాస్తే దిద్దకుండా నిద్రపోని మహానుభావుణ్ణి నేను. ప్రపంచంలో ఏ ప్రోగ్రామరుకు ఆ ఎస్ కనబడకపోయినా నాకు కనబడి ఉండవలసింది.

దిద్దుబాటుకు అరగంట పట్టలేదు. అమ్మాయిలు పంపిన అసలు పట్టికలు భద్రంగా ఉన్నాయి. పైథాన్‌కు పెద్దా చిన్నా తేడా తెలుసు కనుక ఈసారి సరిపోల్చే పని దానికే అప్పగించాను. అయినా నమ్మకం కుదరలేదు. నేను తీసిపారేసిన పేరు గడిని మళ్ళీ తెచ్చి పెట్టాను. మార్చబోయే ముందు ప్రతి ఐడీకీ సేల్స్‌ఫోర్సులో ఉన్న పేరేమిటో అడిగి, పట్టికలోని పేరుతో పోల్చి, తేడా వస్తే ఆగమని రాశాను. ఏ పేర్లయితే పనికిరావని విసుక్కున్నానో ఆ పేర్లే, చుక్కలతో, గార్లతో, నాలుగు రకాల లక్ష్ములతో సహా, కాపలా కాశాయి. ఆ పేరు గడి మొదటే ఉంచి ఉంటే మొదటి పది వరుసల్లోనే, సుబ్బమ్మగారికి సుబ్బారావుగారి నంబరు వస్తోందని గుడ్డివాడికైనా తెలిసేది.

నంబర్లు సరిపోయాయి కానీ పోయిన అయిదు వారాల సంగతి ఏమిటి? నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు విజయవాడ వెళ్ళాను. దుకాణంలో ఒక సొరుగు తెరచి చూపించారు. బాగుచేసి, ఎవరూ వచ్చి తీసుకువెళ్ళని మిషన్లు అందులో ఉన్నాయి. ఏడు చిన్న కవర్లు. కవర్ల మీద పేర్లు పెన్నుతో తెలుగులో రాసి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఎవరికీ అనుమానం ఎందుకు రాలేదని అడిగాను. వాళ్ళు చెప్పిన జవాబు నేను మరచిపోలేను. ఫోను చేస్తే ఎవరెవరో ఎత్తి ఏదేదో మాట్లాడేవారట. చెవిటివాళ్ళు కదా, సరిగా వినపడక అలా అంటున్నారని వీళ్ళు అనుకున్నారట.

సరైన నంబర్లకు ఫోన్లు చేస్తే ఆరుగురి ఇళ్ళనుంచి వస్తామన్నారు. గుడివాడ దగ్గరి పల్లెటూళ్ళో ఉన్న పెద్దావిడ కోడలు మాత్రం నాట్లు పడుతున్నాయి, తీసుకురావడానికి మనిషి లేడంది. నేను తీసుకువెళతానన్నాను. మిషన్లు బాగుచేసే కుర్రవాడు కూడా బస్సెక్కాడు.

ఆవిడకు డెబ్భై అయిదు పైనే ఉంటాయి. వసారాలో మంచం మీద కూర్చొని ఉంది. కుర్రవాడు కొత్త బ్యాటరీ వేసి, మిషను ఆవిడ చెవికి అమర్చి, మెల్లగా పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ ముఖం విప్పారింది. గట్టిగా మాట్లాడకండి, వినపడుతోందిలే అని నవ్వింది. నేను చెప్పవలసింది బస్సులో తయారుచేసుకున్నాను. అది కాస్తా గొంతులోనే ఉండిపోయి, ఆలస్యమైందండీ మామ్మగారూ, క్షమించండి అని మాత్రం అనగలిగాను.

“మీదేముంది నాయనా, మీరు ఫోను చేసే ఉంటారు. నాకే వినపళ్ళేదనుకున్నాను. కోడలు పొలం పోతే ఫోను ఒళ్ళో పెట్టుకు కూచునేదాన్ని. మోగితే ఒణుకుద్ది గదా, ఆ ఒణుకన్నా తెలుస్తదని. ఒక్కోసారి కునుకు పట్టేది. అప్పుడే చేసుంటారు, నేనే పోగొట్టుకున్నానని తిట్టుకునేదాన్ని.”

అయిదు వారాలు. మోగని ఫోను ఒళ్ళో పెట్టుకొని, ఆ తప్పు తన చెవిదే అనుకుంటూ ఒక మనిషి కూర్చొని ఉంది. నా తెర మీద మాత్రం ఆవిడ ఎదురుగా 204 అని ఉంది. చెప్పడానికేమీ లేదు.

చెప్పాను. ఐడీలూ వీలుకప్పులూ ఎలా చెప్పాలో తెలియక, “ఫోను రానే లేదు మామ్మగారూ. మీ నంబరు రాయాల్సిన చోట నేను వేరేవాళ్ళ నంబరు రాశాను. తప్పు మీ చెవిది కాదు, నాది” అన్నాను. ఆవిడ కాసేపు నా వంక చూసింది. కోపగిస్తుందనుకున్నాను.

“అట్టాగా? అయితే నాకు వినపడక కాదన్నమాట” అంది. ఆ గొంతులో నాకు వినిపించింది కోపం కాదు, ఊరట. కోడలి వైపు తిరిగి, “విన్నావంటే? ఫోనే రాలేదంట” అని మళ్ళీ చెప్పింది. ఇంట్లో ఈ విషయం మీద ఎన్ని మాటలు నడిచాయో నాకు అప్పుడు అర్థమయింది. మజ్జిగ తాగి వెళ్ళమని కూర్చోబెట్టింది. నా పేరడిగింది, ఇంటిపేరూ అడిగింది. మా ఇంటిపేరువాళ్ళు ఫలానా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళకు మీరేమవుతారని ఆరా తీసింది. ఏమీ కామన్నాను. ఏదో ఒకటి అయ్యే ఉంటారు, మీ పెద్దవాళ్ళనడుగు అంది.

ఆ తరువాత చాలా లైబ్రరీలు వాడాను, చాలా చిట్టాలు ఎక్కించాను. పద్దెనిమిది అక్షరాల ఐడీ తప్ప మరొకటి ముట్టుకోను. మార్చే ముందు పాత వివరాలన్నీ ఒక దస్త్రంలో దాచుకుంటాను. ఇవి ఈ వృత్తిలో ఎవరైనా చెప్పే జాగ్రత్తలే. నేను వేరుగా పెట్టుకున్న నియమం ఒకటే. ఐడీ పక్కన పేరు లేని పట్టికను రాయబారి చేతికివ్వను. మార్పులు మొదలుపెట్టే ముందు ఒక యాభై పేర్లు తెర మీదికి తెచ్చుకొని పైకి చదువుతాను. పక్కన కూర్చున్న కుర్రవాళ్ళు ఇదేం చాదస్తమని నవ్వుకుంటారు. నవ్వనివ్వండి. వాళ్ళు మరీ అడిగితే మాత్రం కీబోర్డు ముందుకు లాక్కొని, లేఖినిలో కొట్టినట్టే చిన్న ఎస్‌తో ఒకసారి, పెద్ద ఎస్‌తో ఒకసారి, అదే మాట రెండుసార్లు కొట్టి చూపిస్తాను.